గని ఉన్నంత మాత్రాన మనిషి వెళ్తాడా?

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ అంతరిక్ష నిపుణుడు అనేశారు. కాదండీ. నేను గనుల ఇంజనీరింగు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. రాకెట్ల విషయంలో మీరే నాకంటే నయం, శ్రీహరికోటలో లాంచ్ ఉందంటే డాబా ఎక్కి చూస్తారు. నాకు తెలిసిందల్లా నేలలోంచి ఒక సరుకు తీయడానికి ఎంత అవుతుంది, ఎవడు కొంటాడు, ఎప్పుడు గని మూసెయ్యాలి, ఇంతవరకే. నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న సరిగ్గా ఆ వైపుదే కాబట్టి ఒప్పుకున్నాను. అంతరిక్షంలో విలువైన వనరులు ఉన్నాయని తేలితే మనిషి అక్కడికి త్వరగా వెళ్తాడా? ఇదీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను, సస్పెన్స్ ఎందుకు. యంత్రాలు త్వరగా వెళ్తాయి. మనిషి వెళ్లేది వేరే కారణాలతో. వనరు వల్ల దారి చవకైతే మనిషికీ లాభమే గానీ, అది చుట్టు తిరిగి వచ్చే లాభం. ఇలా ఎందుకంటున్నానో వినండి.

మీ ఫోన్లలో ఒక వార్త తిరుగుతూ ఉంటుంది. ‘16 సైకీ’ అనే గ్రహశకలం ఉందట, దాని విలువ ఒకటి పక్కన 19 సున్నాలు పెట్టినన్ని డాలర్లట. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఏడాదికి సంపాదించేదానికి దాదాపు లక్ష రెట్లు. తలా ఎంతొస్తుందో కూడా భాగించి పెడతారు. ఈ అంకె ఎలా పుట్టిందో చూడండి. సైకీని 1852లో నేపుల్స్‌లో అన్నిబాలే ది గాస్పారిస్ కనిపెట్టాడు. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య తిరుగుతుంది, సగటు వ్యాసం 220 కిలోమీటర్లు. అదంతా ఇనుము, నికెల్ ముద్దేనని చాలాకాలం అనుకున్నారు. ఆ ముద్ద బరువు కట్టి, భూమ్మీద ఇనుము ధరతో గుణించారు. అంతే! అక్కడికి నాసా పంపిన మిషన్‌కి నాయకురాలు లిండీ ఎల్కిన్స్-టాంటన్ సరదాకి వేసిన లెక్క అది. దాన్ని తెచ్చే దారి లేదని కూడా ఆవిడే చెప్పింది. ఆ రెండో ముక్క ఫార్వర్డుల్లో ఉండదు.

ఆ నౌక 2023 అక్టోబరు 13న బయలుదేరింది, 2029లో చేరుతుంది. దాంట్లో తవ్వే పనిముట్టు ఒక్కటీ లేదు. కెమెరాలు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం, ఏయే మూలకాలున్నాయో చెప్పే స్పెక్ట్రోమీటరు, ఇవే. పైగా సాంద్రత లెక్కలు మళ్లీ వేసి చూస్తే అది మొత్తం లోహం కాదని, రాయి కూడా గట్టిగానే కలిసి ఉండొచ్చని ఇప్పుడు అంటున్నారు.

మా లెక్కలో దాన్ని గని అనరు. బోర్లు వెయ్యాలి, నమూనాలు తియ్యాలి, ల్యాబులో గ్రేడు, అంటే రాతిలో సరుకు ఎంత శాతమో, తేలాలి, తవ్వే ఖర్చూ మోసే ఖర్చూ పోను మిగులు ఉందని కాగితం మీద చూపించాలి. అప్పుడు గానీ బ్యాంకు మేనేజరు మనకి కుర్చీ చూపించడు.

మోసే ఖర్చంటే గుర్తొచ్చింది. బెన్ను అనే గ్రహశకలం మీది మట్టి తేవడానికి నాసా 2016 సెప్టెంబరులో ఒసైరిస్-రెక్స్ అనే నౌకను పంపింది. అది 2020 అక్టోబరులో బెన్నుని కొన్ని సెకన్లపాటు తాకి మట్టి పట్టుకుంది. 2023 సెప్టెంబరు 24న ఆ డబ్బా యూటా ఎడారిలో దిగింది. తూకం వేస్తే 121.6 గ్రాములు. ఖర్చు దాదాపు 116 కోట్ల డాలర్లు. గ్రాముకి 95 లక్షల డాలర్లు పడింది! జపాన్ వాళ్ల హయబుసా-2 నౌక ర్యుగు అనే గ్రహశకలం మీంచి 5.4 గ్రాములు తెచ్చింది, 2020 డిసెంబరులో. ఇలా భాగించడం అన్యాయం అని మీ ఫిజిక్స్ మాస్టారు అక్కడ తల ఊపుతున్నారు. నిజమేనండి, సైన్సుకి ఆ గుప్పెడు మట్టి వెలలేనిదే. నేను రవాణా సంగతి ఒక్కటే చెబుతున్నాను.

అంతరిక్షపు రాయికి మార్కెట్లో నిజంగా ధర పలికిన సందర్భం ఒకటుంది. సోవియట్ లూనా-16 తెచ్చిన చంద్రుడి మట్టిలో 0.2 గ్రాములు 1993లో న్యూయార్క్‌లో వేలానికొచ్చాయి. 4,42,500 డాలర్లకు పోయాయి. అరుదు కాబట్టి ఆ ధర. లారీ లోడు తెస్తే కంకర రేటే. (నవ్వులు)

నవ్వకండి, ఇది చరిత్రలో జరిగిందే. మన కృష్ణ ఒడ్డు కొల్లూరు వజ్రాలు శతాబ్దాలపాటు ప్రపంచాన్ని ఏలాయి. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడి యూరప్‌లోకి కుప్పలుగా వచ్చిపడేసరికి ధర కూలిపోయింది. తవ్వకాలు తగ్గించమని చివరికి పోర్చుగల్ రాజే ఆంక్షలు పెట్టాల్సొచ్చింది. ప్లాటినం కూడా అంతే. ప్రపంచంలో గనులన్నీ కలిపి ఏడాదికి తీసేది రెండు వందల టన్నుల లోపే. ఒక గ్రహశకలం నుంచి వెయ్యి టన్నులు ఒకేసారి దింపితే, దింపినవాడి ప్లాన్‌లో రాసుకున్న ధర ఆ రోజు ఉండదు.

ఇంకో చిక్కు కాలం. భూమ్మీదే ఒక పెద్ద గని కనుగొన్నాక సరుకు బయటికి రావడానికి పది పదిహేనేళ్లు పట్టడం మామూలు. అంతరిక్షంలో ముప్ఫై అనుకోండి. పది శాతం వడ్డీ లెక్కన ముప్ఫై ఏళ్ల తర్వాత చేతికొచ్చే వంద రూపాయలు ఇవాళ ఆరు రూపాయల కన్నా తక్కువ. ఇంటికెళ్లి క్యాలిక్యులేటర్‌లో వేసి చూసుకోండి. 2012 ఏప్రిల్‌లో ప్లానెటరీ రిసోర్సెస్ అనే కంపెనీ గ్రహశకలాలు తవ్వుతామని ప్రకటించింది. గూగుల్ లారీ పేజ్, ఎరిక్ ష్మిట్ అందులో పెట్టుబడి పెట్టారు. డబ్బున్న వాళ్లే, తెలివి ఉన్న వాళ్లే. 2018లో ఆ కంపెనీని ఒక బ్లాక్‌చెయిన్ సంస్థ కొనేసింది. డీప్ స్పేస్ ఇండస్ట్రీస్‌దీ అదే దారి, ఆ మరుసటి ఏడాదికల్లా చేతులు మారింది. 2025 ఫిబ్రవరిలో ఆస్ట్రోఫోర్జ్ అనే కొత్త కంపెనీ ఓడిన్ అనే చిన్న నౌకను ఒక గ్రహశకలం వైపు పంపింది. బయలుదేరిన కొద్దిసేపటికే సిగ్నల్ సరిగ్గా అందకుండా పోయింది. వాళ్ల ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను. ఎవడో ఒకడు చెయ్యి కాల్చుకోవాలి కదా.

ఇక్కడ మా సింగరేణి కథ చెప్పాలి. నా స్టూడెంట్లలో సగం మంది అక్కడే చేరారు. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనుక్కున్నాడు. బొగ్గు వ్యాపారంగా బయటికొచ్చింది 1889 ప్రాంతంలో. మధ్యలో పద్దెనిమిదేళ్లు ఆ బొగ్గు ఎక్కడికీ పోలేదు, దాని విలువా తగ్గలేదు. మరి ఆగింది దేనికోసం? రైలు కోసం. నిజాం రాజ్యంలో లైను వేసుకుంటూ బెజవాడ దాకా వచ్చారు. ఇంజన్లకి బొగ్గు కావాలి. అంటే కొనేవాడూ రైలువాడే, మోసేవాడూ రైలువాడే. ఆ రైలు కంపెనీకి పెట్టుబడి పెట్టినవాళ్లకి వడ్డీ వస్తుందని హామీ ఇచ్చింది నిజాం ప్రభుత్వం. ఈ మూడూ కుదిరాకే అడవిలో ఊళ్లు లేచాయి, ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చారు. కింగ్ గారి రిపోర్టు చదివి ఎవరూ మూటాముల్లె సర్దుకుని ఇల్లెందు బస్సెక్కలేదు.

కాలిఫోర్నియా బంగారం మాటేమిటి సార్ అని ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. 1849లో జనం నిజంగానే ఎగబడ్డారు. ఎందుకంటే ఒక మనిషి, ఒక పళ్లెం, ఒక వాగు ఉంటే పని మొదలైపోయేది. గాలి ఉచితం, నీళ్లు ఉచితం. చంద్రుడి మీద ఊపిరి పీల్చడానికి కూడా బిల్లు కట్టాలమ్మా.

కాబట్టి కాలిఫోర్నియా వదిలేసి సముద్రంలోకి చూడండి. పోలిక అక్కడ బాగా కుదురుతుంది. సముద్రం అడుగున నాలుగైదు కిలోమీటర్ల లోతులో బంగాళాదుంపల్లాంటి నల్లటి గడ్డలు పరుచుకుని ఉన్నాయి. మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ ఉంటాయి వాటిలో. బ్రిటిష్ ఓడ ఛాలెంజర్ 1870లలోనే వీటిని పైకి తీసింది. మన గవేషణి ఓడ 1981 జనవరి 26న మొదటిసారి తీసింది. 1987లో ఐక్యరాజ్యసమితి వ్యవస్థ కింద హిందూ మహాసముద్రంలో మనకి ఒక ప్రాంతం కేటాయించారు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది 75,000 చదరపు కిలోమీటర్లు. తవ్వాల్సిన పని కూడా లేదు, ఏరుకోవడమే. అయినా ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కడా ఈ గడ్డల వ్యాపారం మొదలు కాలేదు. మనుషులు కాపురం పెట్టడం సంగతి సరేసరి.

దీంట్లో ఒక తమాషా ఉంది. 1974లో హోవార్డ్ హ్యూస్ అనే కోటీశ్వరుడి పేరు మీద గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్ అనే పెద్ద ఓడ పసిఫిక్‌లోకి వెళ్లింది. సముద్రపు గడ్డలు తవ్వడానికని పేపర్లన్నీ రాశాయి. అసలు సంగతి ఏమిటంటే అది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఓడ, మునిగిపోయిన సోవియట్ సబ్‌మెరైన్‌ని ఎత్తడానికి వెళ్లింది. ఖనిజం కోసం అంటే జనం నమ్మేస్తారని వాళ్లకి తెలుసు! ఖర్చు పెట్టించింది మాత్రం దేశాల మధ్య పోటీ. చంద్రుడి విషయంలోనూ ఈ మాట మనసులో పెట్టుకోండి. అపోలో వాళ్లు ఆరుసార్లు దిగి 382 కిలోల రాళ్లు తెచ్చారు, అమ్ముకోవడానికి కాదు. సోవియట్ యూనియన్ కన్నా ముందు దిగాలి, అంతే. ఆ పోటీ చల్లారాక, 1972 డిసెంబరులో అపోలో 17 తర్వాత, యాభై ఏళ్లకు పైగా చంద్రుడి నేల మీద మనిషి అడుగు పెట్టలేదు. అక్కడి ఖనిజాలు ఈలోపు ఎక్కడికీ పోలేదు కదా.

సముద్రం అలా ఉంటే, అంటార్కిటికా ఇందుకు సరిగ్గా తలకిందులు. 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అక్కడ ఖనిజాలు తవ్వకూడదు. అయినా ఏడాది పొడుగునా, ఆ చీకటి చలికాలంలో కూడా, మనుషులు ఉంటారు. మనకి అక్కడ మైత్రి అనే పరిశోధన కేంద్రం ఉంది, 2012 నుంచి భారతి ఉంది. వెళ్లే కారణం సైన్సు, దానితో పాటు మా జెండా కూడా ఇక్కడ ఉందని చెప్పుకోవడం. తవ్వుకోవచ్చన్న చోట మనిషి లేడు, తవ్వకూడదన్న చోట ఉన్నాడు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఆకాశంలోనే ఉంది. అంతరిక్షంలో ఇప్పటికే డబ్బు కాసే చోటు ఒకటుంది, ఎవరైనా చెప్పగలరా? (సభ నుంచి సమాధానాలు) చంద్రుడు కాదు. కక్ష్య! భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం పెడితే భూమితో పాటే తిరుగుతూ, మనకి ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది. మీ ఇంటి డిష్ ఎప్పుడూ ఒకే దిక్కుకి చూడటం అందుకే. అక్కడ జాగాలు తక్కువ, గిరాకీ ఎక్కువ. 1976లో కొలంబియా, కెన్యా, ఇండోనేసియా లాంటి ఎనిమిది దేశాలు బొగోటాలో కూర్చుని, మా నెత్తి మీదున్న ఆ కక్ష్య మాదే అని ప్రకటన కూడా చేశాయి. ఎవరూ ఒప్పుకోలేదనుకోండి, కానీ పొలం గట్టు తగాదా అంత దూరం పాకిందంటే దాని విలువ అర్థం చేసుకోండి. టీవీ, ఫోను, వాతావరణం, ఎన్ని వ్యాపారాలు నడిచాయో దాని మీద. మరి అక్కడ పని చెయ్యడానికి ఎంతమంది మనుషులు వెళ్లారు? ఒక్కరూ లేరు. రిపేరుకి కూడా మనిషి వెళ్లలేదు. 2020 ఫిబ్రవరిలో ఇంధనం అయిపోవస్తున్న ఇంటెల్‌శాట్ 901 ఉపగ్రహాన్ని మరో యంత్రమే వెళ్లి పట్టుకుని, ఆయుష్షు పెంచింది.

సరే, మాస్టారూ, మీరు అన్నిటికీ అడ్డం చెబుతున్నారు, చంద్రుడి మీద నీళ్లకి ఏమంటారు? అక్కడికే వస్తున్నాను. నేను నిజంగా ఆశపెట్టుకున్న వనరు అదొక్కటే.

ముందు మన ఘనత చెప్పుకుందాం. 2008 అక్టోబరు 22న ఇక్కడి నుంచే చంద్రయాన్-1 వెళ్లింది. దాని మీద నాసా వాళ్ల పరికరం ఒకటి పెట్టుకుని వెళ్లాం. చంద్రుడి మట్టికి నీటి జాడ అంటుకుని ఉందని దాని ఆధారంగా 2009 సెప్టెంబరులో ప్రకటించారు. ఆ మరుసటి నెల, అక్టోబరు 9న, అమెరికా వాళ్లు దక్షిణ ధ్రువం దగ్గర కేబియస్ అనే బిలంలోకి ఖాళీ రాకెట్ దశని గుద్దించి, లేచిన ధూళిలో నీళ్లు కొలిచారు. మట్టిలో 5.6 శాతం, 2.9 అటూ ఇటూ. అంటే 2.7 కావచ్చు, 8.5 కావచ్చు. అదీ ఒకే ఒక్క చోట.

ఆ నీళ్లు ఎందుకు విలువైనవో ఒక లెక్కతో చెబుతాను. చంద్రయాన్-3 ని మోసిన ఎల్‌వీఎం-3 లాంచ్ ప్యాడ్ మీద నిలబడినప్పుడు 640 టన్నులు. పైన కూర్చున్న నౌక 3,900 కిలోలు. అందులో ల్యాండరు 1,750 కిలోల పైచిలుకు, దాంట్లోనూ సగానికి మించి దిగడానికి కావాల్సిన ఇంధనమే. చివరికి 2023 ఆగస్టు 23న దిగాక నేల మీద తిరిగింది 26 కిలోల ప్రజ్ఞాన్. 640 టన్నులకి 26 కిలోలు! ఏం లోపం లేదు ఇందులో, భూమి ఆకర్షణ నుంచి బయటపడటానికి పడే దండగ అది. పైగా ప్రజ్ఞాన్ తిరిగి రావాల్సిన పని లేదు. మనిషి తిరిగి రావాలి. తిరుగు ప్రయాణం ఇంధనం కూడా ఇక్కడి నుంచే మొయ్యాలి, దాన్ని మొయ్యడానికి ఇంకొంత ఇంధనం. కాశీ వెళ్లి రావడానికి రెండు వైపుల డీజిలూ ఇంటి దగ్గరే ట్యాంకరులో నింపుకుని, ఆ ట్యాంకరుని కారుకి కట్టుకుని బయలుదేరినట్టు. చంద్రుడి మీద నీళ్లుంటే వాటిని విడగొట్టి హైడ్రోజన్, ఆక్సిజన్ చేసుకోవచ్చు. మన ఎల్‌వీఎం-3 పై దశలో మండేవి ఆ రెండే. పీల్చే గాలి, తాగే నీరు కూడా అక్కడే. భూమికి తేవక్కర్లేదు కాబట్టి ఇందాక చెప్పిన ధర కూలిపోయే సమస్యా లేదు.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు తవ్వేవాడి కళ్లతో చూడండి. ఆ మంచు ఉందనుకునే చోట్లలో కోట్ల ఏళ్లుగా ఎండ పడలేదు. సున్నాకి దిగువన 230 డిగ్రీలు దాటిన చలి. ఎండ లేదు కాబట్టి సోలార్ పని చెయ్యదు. మనం ఇక్కడ బోరు వేసేటప్పుడు ఏం చేస్తాం? లోపలికి నీళ్లో, గాలో కొట్టి, బిట్టుని, అంటే రాయిని కొరికే మొనని, చల్లార్చి, కోత మట్టిని పైకి తెస్తాం. అక్కడ నీళ్లు పంపితే గడ్డ కడతాయి, గాలి లేనే లేదు. బిట్టు వేడెక్కితే ఏ మంచు కోసం వెళ్లామో ఆ మంచే ఆవిరై శూన్యంలోకి పోతుంది. ఇంకో సంగతి: రిగ్గు బరువే బిట్టుని కిందికి నొక్కుతుంది. చంద్రుడి మీద ఆ బరువు ఆరో వంతు. ఆరు వందల కిలోల యంత్రం వంద కిలోల యంత్రంలా నొక్కుతుంది, బిట్టు దిగనంటే యంత్రమే పైకి లేస్తుంది.

1971లో అపోలో 15 వాళ్లకి ఈ అనుభవం అయింది. మామూలు ఎండ పడే చోటే. ఉష్ణోగ్రత కొలవడానికి మూడు మీటర్ల బోర్లు అనుకుంటే సగం దగ్గరే బిగుసుకున్నాయి. కడ్డీ చుట్టూ ఉండే గాడి అతుకుల దగ్గర లోతు తక్కువై, మట్టి పైకి రాక పట్టేసింది. డిజైన్ లోపం. తర్వాత నమూనా కోసం 2.4 మీటర్లు దించిన గొట్టం పైకి రాలేదు. డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ ఇద్దరూ పిడి కింద భుజాలు పెట్టి ఎత్తితే గానీ ఊడలేదు. అది చదివినప్పుడు నాకు మా ల్యాబు గుర్తొచ్చింది, ఇరుక్కున్న రాడ్డు దగ్గర మనుషులు పెట్టే ముఖం ఏ లోకంలోనైనా ఒకటే అయి ఉంటుంది.

అంటే ఇక్కడ మనిషి పనికొచ్చాడు. ఒప్పుకోవాలి. మరో వైపు చూస్తే, అంగారకుడి మీద ఇన్‌సైట్ అనే నౌక జర్మన్ వాళ్లు చేసిన సుత్తి లాంటి పరికరాన్ని అయిదు మీటర్ల దాకా దించాలనుకుంది. 2019 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు కిందామీదా పడ్డారు, రోబో చేత్తో నొక్కి కూడా చూశారు. దాని పై కొస నేలకి రెండు మూడు సెంటీమీటర్ల కిందికి మించి దిగలేదు. ఇద్దరు మనుషులు ఉండుంటే పూటలో పని. అందుకే మనిషి అక్కర్లేదని నేను అనను. ఫిట్టరు అవసరం ఏ గనికైనా ఉంటుంది. కానీ చంద్రుడికి సిగ్నల్ వెళ్లడానికి ఒకటిన్నర సెకన్ల లోపే పడుతుంది. ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని అక్కడి యంత్రాన్ని నడపొచ్చు. కంపెనీవాడు ఏది చవకో అదే చేస్తాడు. పది యంత్రాలు పాడైనా పదకొండోది పంపుతాడు గానీ, ఒక ఫిట్టరుని అన్నం, గాలి, తిరుగు టికెట్టుతో సహా పంపడు.

ఆ యంత్రాలకైనా డబ్బు సులువుగా దొరుకుతోందా? నీటి కోసం వెతకడానికే నాసా వైపర్ అనే రోవర్ కట్టింది, మీటరు లోతు డ్రిల్లుతో. కట్టడం అయిపోయాక 2024 జులైలో ఖర్చు పెరిగిందని రద్దు చేశారు. గోల లేచాక 2025లో వేరే ల్యాండరు మీద పంపుతామన్నారు. 2025 మార్చి 6న ఒక ప్రైవేటు ల్యాండరు డ్రిల్లు పట్టుకుని దక్షిణ ధ్రువం దగ్గర దిగింది, దిగుతూనే పక్కకి పడిపోయింది. పడుకున్న చోటే డ్రిల్లుని ముందుకీ వెనక్కీ ఆడించి చూశారు పాపం, నేలలో మాత్రం దిగలేదు. ఇంత విలువైన వనరు అంటాం, దాని మొదటి బోరు ఇంకా పడలేదు.

అసలు మెలిక ఏమిటంటే, చంద్రుడి నీళ్లు కొనేవాడు ఉండాలంటే అక్కడికి నౌకలు, మనుషులు తరచుగా వెళ్తూ ఉండాలి. తరచుగా వెళ్లాలంటే నీళ్లు అక్కడ దొరకాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. ఈ ముడి ప్రభుత్వం విప్పాలి తప్ప మార్కెట్టు విప్పదు. సింగరేణి దగ్గర నిజాం హామీ లాగా, ఏడాదికి ఇన్ని టన్నులు ఈ ధరకి కొంటాం అని ఎవరో సంతకం పెట్టాలి.

హీలియం-3 అనే అరుదైన వాయువు గురించి రెండు ముక్కలు, లేకపోతే మీరు ఊరుకోరు. చంద్రుడి మట్టిలో వంద కోట్ల భాగాల్లో ఓ పది భాగాలు ఉంటుంది. కిలో కావాలంటే లక్ష టన్నుల మట్టి వేడి చెయ్యాలి. ఫ్యూజన్ కరెంటు సంగతి ఇప్పట్లో లేదు గానీ, క్వాంటమ్ కంప్యూటర్లను చల్లబరచడానికి ఇవాళే గిరాకీ ఉంది. ఇంటర్‌లూన్ అనే కంపెనీ తవ్వకముందే అమ్మకం ఒప్పందాలు రాయించుకుంది. సరుకు కన్నా ముందు కొనేవాణ్ణి పట్టుకున్నారు. నాకు నచ్చింది. వాళ్లు పంపేది కూడా యంత్రాన్నే, మేస్త్రీని కాదు.

చట్టం సంగతి త్వరగా. 1967 ఒప్పందం ప్రకారం చంద్రుణ్ణి ఏ దేశమూ నాదనకూడదు. తవ్విన సరుకు మాత్రం తవ్వినవాడిదే అని అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో చట్టాలు చేసుకున్నాయి. మనం 2023 జూన్‌లో చంద్రుడి అన్వేషణ మీద అమెరికా ముందుండి రాయించిన ఆర్టెమిస్ ఒప్పందాల్లో సంతకం పెట్టాం. చట్టం లేక గనులు ఆగిపోయాయని కొందరంటారు. చట్టాలు వచ్చి ఇన్నేళ్లయింది, గని ఏదీ?

మరి మనిషి ఎలా వెళ్తున్నాడు? 2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చాడు. ఆ కేంద్రంలో 2000 నవంబరు నుంచి మనుషులు లేని రోజు లేదు. అక్కడ తవ్వేది ఏమీ లేదు. ఆయన్ని మోసింది ఫాల్కన్ 9 రాకెట్. దాని కింది దశ దిగి మళ్లీ ఎగరడం, అందువల్ల ఖర్చు తగ్గడం, వారం వారం లాంచులు, ఇవన్నీ సాధ్యమైంది ఎక్కువ భాగం ఉపగ్రహాల వ్యాపారం వల్ల, ఇప్పుడు స్టార్‌లింక్ ఇంటర్నెట్ వల్ల. కక్ష్య అనే వనరు రాకెట్‌ని చవక చేసింది, ఆ చవక రాకెట్‌లో మనిషి తన కారణాలతో ఎక్కాడు. బొగ్గు కోసం వేసిన లైన్లో పెళ్లివాళ్లు కూడా ప్రయాణం చేసినట్టే. మొదట్లో చుట్టు తిరిగి వచ్చే లాభం అన్నది దీన్నే. చంద్రుడి నీళ్ల వల్ల కూడా జరిగితే ఇలాగే జరుగుతుంది. ఎంత త్వరగా అంటే, నీళ్ల కన్నా చైనా, అమెరికాల మధ్య పోటీ ఎంత ముదురుతుందో చూసి చెప్పడం సులువు.

ఇస్రో, జపాన్ కలిసి చంద్రయాన్-5 చేస్తున్నాయి. ల్యాండరు మనది, రోవరు వాళ్లది, రాకెట్టూ వాళ్లదే. దక్షిణ ధ్రువం దగ్గర డ్రిల్లు దించి నీళ్లు వెతకడమే పని. అది దిగిన రోజు టీవీలో అందరూ ల్యాండింగ్ చూసి చప్పట్లు కొడతారు, నేనూ కొడతాను. కానీ నేను ఎదురుచూసేది ఆ తర్వాత కొన్ని నెలలకి వచ్చే పేపర్‌లో ఒక పట్టిక కోసం. ఎన్ని చోట్ల బోరు పడింది, ఎంత లోతున, ఎంత శాతం. ఒక్క శాతం లోపు వస్తే నేనైతే ఫైలు మూసేస్తాను. అయిదు దాటి, అదీ నాలుగైదు చోట్ల దగ్గర దగ్గరగా వస్తే, మీలో ఎవరైనా మైనింగ్ చదవాలనుకుంటున్నవాళ్లు నా దగ్గరికి రండి, కూర్చుని మాట్లాడదాం.

టైమ్ అయిపోయిందని ప్రిన్సిపాల్ గారు వాచీ చూపిస్తున్నారు. మైకు అటు ఇవ్వండి. ఆ వెనక నీలం చొక్కా అబ్బాయి ఎప్పట్నించో చెయ్యెత్తి ఉన్నాడు. అడుగు బాబూ.